చప్పుడు చెయ్యని ఇంధనం

అతన్ని అందరూ పాముచెవుల మేస్త్రి అంటారు. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. ఇంజను నడుస్తుంటే షెడ్డు గుమ్మంలో నిలబడి టీ తాగుతూనే, "మూడో సిలిండరులో ఏదో నలుగుతోంది చూడండ్రా" అనేవాడు. విప్పి చూస్తే నిజంగానే నలుగుతూ ఉండేది. పాముకి చెవులెక్కడుంటాయయ్యా అని ఎవరైనా వంక పెడితే, "అందుకేగా అంత బాగా వింటుంది, మధ్యలో అడ్డం ఏమీ లేదు" అనేవాడు. అప్పట్లో అతనికి సరదాలుండేవి.

ఇప్పుడు అతనికి వినపడదు. అలాగని బండచెవుడేమీ కాదు. లారీ హారను వినపడుతుంది. తలుపు దబ్బున వేస్తే వినపడుతుంది. ఎదురుగా కూర్చుని మొహం చూపిస్తూ మాట్లాడితే మాట కూడా అందుతుంది. పోయినవి సన్నటి చప్పుళ్ళు. గడియారం అలారం పోయింది, కిటికీ దగ్గర పిట్టల కిచకిచ పోయింది. ఏ చప్పుడుని పట్టుకుని ఇన్నాళ్ళూ అన్నం తిన్నాడో ఆ చప్పుడూ పోయింది. రెండేళ్ళు దాటింది. ఈ సంగతి అతనికి తెలుసు, అతని భార్యకి తెలుసు. ఇద్దరూ దీని గురించి ఒక్క ముక్క కూడా మాట్లాడుకోలేదు. ఇంట్లో పొద్దుపోవట్లేదని చెప్పి ఆమె షాపుకి వచ్చి కూర్చోవడం మొదలుపెట్టింది, వచ్చిన ఫోన్లన్నీ తనే ఎత్తడం మొదలుపెట్టింది. పెదవి దాటితే పృథివి దాటుతుందని ఇద్దరికీ భయమే.

లేని దాన్ని ఉన్నట్టు నటించడం ఎంత అలుపో చేసినవాడికి తప్ప తెలియదు. నలుగురూ నవ్వితే తనూ నవ్వాలి, ఎందుకు నవ్వారో తర్వాత వెతుక్కోవాలి. ఎవరైనా వెనకనుంచి పిలుస్తారేమోనని వీపు గోడకి ఆనించి నిలబడాలి. సాయంత్రానికి బస్తాలు మోసినవాడి కంటే ఎక్కువ అలిసిపోయేవాడు. చెప్పినమాట తలకెక్కించుకోని కస్టమర్లని ఒకప్పుడు "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది మీతో" అని ఎకసెక్కాలాడేవాడు. ఆ సామెత అతని నోటికి రావడం మానేసింది.

అతని పని బళ్ళ ట్యూనింగ్. ముఖ్యంగా సూపర్‌ఛార్జర్ బిగించిన బళ్ళు. సూపర్‌ఛార్జర్ అంటే, ఇంజను తిప్పే బెల్టుతోనే తిరుగుతూ ఆ ఇంజనులోకే గాలిని అదిమి అదిమి కుక్కే పంపు. గాలి ఎక్కువ కుక్కితే బలం ఎక్కువ, ప్రమాదమూ ఎక్కువే. లోపల నిప్పురవ్వ ఎప్పుడు పడాలన్నది లెక్క. కాస్త ముందు పడితే బలం పెరుగుతుంది, మరీ ముందు పడితే పెట్రోలు తనంతట తనే పేలి పిస్టన్ నెత్తిన సుత్తితో కొట్టినట్టు కొడుతుంది. దాన్ని నాకింగ్ అంటారు. డబ్బాలో గులకరాళ్ళు వేసి ఆడించినట్టు సన్నగా వినిపిస్తుంది. అలా కాసేపు వదిలేస్తే పిస్టన్‌కి చిల్లులు పడతాయి. పాముచెవుల మేస్త్రి ఇంజనుకి ఒక రాగి గొట్టం బిగించి, దానికి రబ్బరు పైపు తగిలించి, ఆ పైపుని చెవులకి తగిలించుకునే డిప్పల్లోకి లాక్కుని వింటూ ట్యూనింగ్ చేస్తాడు. నాకింగ్‌ని పసిగట్టే యంత్రాలు బజారులో బోలెడున్నాయి. సూపర్‌ఛార్జర్ గోలలో వాటికి మతిపోతుంది, నా చెవికి పోదు అని వాటిని దగ్గరికి రానిచ్చేవాడు కాదు. అన్నమాట వెనక్కి తీసుకోలేక, వినపడని చెవులకి రోజూ ఆ డిప్పలు తగిలించుకునే కూర్చుంటున్నాడు.

అలాంటివాడికి ఇథనాల్, అంటే బళ్ళలో పోసే సారా, దేవుడిలా దొరికింది. ఇథనాల్ పోస్తే ఇంజను చల్లగా ఉంటుంది, ఎంత ఒత్తిడి పెట్టినా ఓర్చుకుంటుంది, నాకింగ్ చెయ్యదు. పెట్రోలు కంటే బాగా ఎక్కువ తాగుతుంది, ఇంజెక్టర్లూ పంపూ పెద్దవి వెయ్యాలి, అంతే. వినాల్సిన చప్పుడే లేనప్పుడు వినపడనివాడిని ఎవడు పట్టుకుంటాడు? అందుకని వచ్చినవాడికల్లా ఇథనాల్ గొప్పలు చెప్పేవాడు. జనం మేస్త్రి కొత్తదారి తొక్కాడని మెచ్చుకున్నారు. దాక్కోవడానికి తొక్కిన దారి అది.

అతని బావమరిది, అంటే భార్య తమ్ముడు, బస్సు డ్రైవరు. తుక్కుకి పోతున్న ఒక కారుని తెచ్చుకుని, ఏళ్ళ తరబడి సెలవు రోజులన్నీ దానికే పోసి, ఇంజను సొంత చేతులతో కట్టుకున్నాడు. దానికోసం పెళ్ళి సంబంధాలు కూడా వాయిదా వేశాడని వాళ్ళక్క కోపం. ఆదివారం కొండదారి పందెం. ఈ ఇంజను పోతే ఇంకోటి కట్టే ఓపిక తనకి లేదని వాడే చెప్పాడు.

"మనిషికి లేని తాగుడు బండికి అలవాటు చేస్తున్నారు ఇద్దరూ కలిసి" అంది అక్క, ఇథనాల్ డబ్బాలు చూసి.

"తాగినా బండి మాట తూలదక్కా, మనుషులే తూలుతారు" అన్నాడు తమ్ముడు.

మేస్త్రి నవ్వాడు. ఈసారి మాట అందింది కాబట్టి నిజంగానే నవ్వాడు.

మధ్యాహ్నం ఎండకి రేకుల షెడ్డు ఉడికిపోతోంది. నేలలో పాతిన, బండి బలం కొలిచే రోలర్ల మీద కారు వెనక చక్రాలు పెట్టి, బెల్టులతో నాలుగువైపులా కట్టేశారు. పొగ బయటికి పోయేలా గొట్టం తగిలించారు. బావమరిది స్టీరింగు ముందు కూర్చున్నాడు. మేస్త్రి పక్కన బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, చెవులకి డిప్పలు తగిలించుకుని వేలు పైకెత్తాడు. బావమరిది తొక్కాడు. రోలర్లు గిర్రున తిరిగాయి, షెడ్డంతా అదిరింది. ఆ అదురు మేస్త్రికి అరికాళ్ళలో తెలిసింది. డిప్పల్లో మాత్రం దూదిలో చుట్టినట్టు బొయ్యిమన్న ఒక మోత, అంతే.

మొదటినుంచీ ఏదో తేడాగానే ఉంది. ఇథనాల్‌కి పోయాల్సినంత పోస్తుంటే, మీటరు ఇంధనం ఎక్కువైందని చూపించింది. తగ్గించాడు. ఇంకా ఎక్కువే అంది. మళ్ళీ తగ్గించాడు. మామూలుగా అయితే అక్కడే ఆపి, ట్యాంకులో ఉన్నదేమిటని చూడాలి. కొత్త ఇంజెక్టర్లు చెప్పినదానికంటే పెద్దవై ఉంటాయిలే అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. అలసట మనిషికి చెప్పే అబద్ధాలన్నీ ఇలాగే నమ్మదగ్గవిగా ఉంటాయి. నిప్పురవ్వని ఒక్కో మెట్టూ ముందుకి జరుపుకుంటూ పోయాడు. బలం పెరిగింది, పెరిగింది, ఆగిపోయింది. ఇంకో మెట్టు జరిపితే ఒక పిసరు తగ్గింది.

సరిగ్గా అప్పుడే అతని భార్య ఏదో చెప్పడానికి షెడ్డులోకి వచ్చింది. బండి చక్రాలు రోలర్ల మీద గింగిరాలు తిరుగుతున్నాయి. ఆమె చెవులు మూసుకోబోయి, చేతులు సగంలో ఆపి, బండివైపు తిరిగి చూసింది. బావమరిది కాలు తీసేశాడు. రోలర్లు నెమ్మదించాయి. మేస్త్రి డిప్పలు తీశాడు.

"ఏంటండీ ఆ చప్పుడు?" అంది. "రేకుడబ్బాలో రాళ్ళు పోసి ఆడించినట్టు?"

అనేశాక గానీ తను ఏమందో ఆమెకి తెలియలేదు. మేస్త్రి ఆమె పెదవుల్ని చూస్తూనే ఉన్నాడు. ప్రతి మాటా అందింది.

"బెల్టు" అన్నాడు. "సూపర్‌ఛార్జర్ బెల్టు జారుతోంది. బలం అందుకే ఆగింది."

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట! రెండేళ్ళ అలవాటు మరి. బావమరిది కిటికీలోంచి తల బయట పెట్టాడు.

"నాక్కూడా వినపడింది బావా. నాకింగేమోనని గుండె గుభేలుమంది. నువ్వు డిప్పలు పెట్టుకుని నిబ్బరంగా ఉన్నావని వెంటనే కాలు తియ్యలేదు. బెల్టేగా, బిగించెయ్. ఈసారి చివరిదాకా తొక్కేస్తా."

బావ మాట వాడికి వేదవాక్కు. తన చెవులతో తను విన్నదాన్ని కాదనుకుని, వినపడని బావ చెవుల్ని నమ్మాడు. మేస్త్రి ఇంజను ఆపించి, పానా తీసుకుని బెల్టు దగ్గరికి వంగాడు. బెల్టు బిగుతుగానే ఉంది. వేలితో నొక్కితే ఇసుమంత కూడా లోపలికి పోలేదు. అయినా పానా తగిలించాడు. పక్కన అతని భార్య అడకత్తెరలో పోకచెక్కలా నిలబడి ఉంది. ఒకవైపు మొగుడి పరువు, ఇంకోవైపు తమ్ముడు రక్తం ధారపోసి కట్టుకున్న ఇంజను. అరిచినా బాగుండేది, నిందించినా బాగుండేది. ఊరికే అతని వంక చూస్తూ నిలబడింది, ఇది మీరే చెప్పాలన్నట్టు. ఇంతకాలం తన అబద్ధాన్ని ఈవిడ కూడా మోసిందని, ఈవిడా తనంతగా అలిసిపోయిందని అతనికి అప్పుడు తెలిసింది. సిగ్గేసింది. అంతకంటే ఎక్కువగా విసుగేసింది, తన మీద తనకి.

"తాళం తీసెయ్ రా" అన్నాడు.

"ఏం బావా?"

"బెల్టు కాదు. అది నాకింగే. నాకు వినపడలేదు."

"గోలలో వినపడుండదులే..."

"గోల కాదు. నాకు వినపడదు రా. రెండేళ్ళయింది. మీ అక్కకి తెలుసు."

బావమరిది తాళం తీశాడు. షెడ్డులో పెద్ద ఫ్యాను ఒక్కటే తిరుగుతోంది. వాడు అక్కవైపు చూశాడు. ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఇథనాల్ పోస్తే నాకింగ్ రాకూడదుగా?" అన్నాడు వాడు. ఇంకేం మాట్లాడాలో తోచక ఆ మాట అన్నట్టుంది.

"రాకూడదు. ట్యాంకులో ఏం పోశావు?"

వాడు తడబడ్డాడు. "పొద్దున వస్తుంటే ట్యాంకు ముల్లు కిందికి పడిపోయింది బావా. ఇథనాల్ బంకు మూసేసుంది. ఇక్కడిదాకా రావాలి కదాని కాస్త పెట్రోలు... కాస్త అంటే, కొంచెం ఎక్కువే. ఇక్కడికొచ్చాక పైన ఇథనాల్ పోశాం కదా, కలిసిపోతుందిలే అనుకున్నా. తేడా ఉంటే నీ చెవి పట్టేస్తుందనుకున్నా."

మేస్త్రి ట్యాంకులోంచి గాజుగొట్టంలోకి కొంచెం తీసి, అందులో నీళ్ళు కలిపి, మూత బిగించి ఆడించి బల్ల మీద పెట్టాడు. ఇథనాల్ నీళ్ళలోకి దిగిపోయింది. పెట్రోలు పైన తేలింది, సగానికి సగం. పని మొదలుపెట్టే ముందు చెయ్యాల్సిన పరీక్ష అది. ఒకప్పుడు తను చెయ్యకుండా ఉండేవాడే కాదు. చప్పుడు చెయ్యని ఇంధనమని నమ్మి కూర్చున్నాడు గానీ, అది చప్పుడు చేస్తూనే ఉంది, షెడ్డులో ఉన్నవాళ్ళలో తనకి తప్ప అందరికీ వినిపిస్తూ.

ముగ్గురూ కలిసి స్పార్కు ప్లగ్గులు విప్పి, సన్నటి కెమెరా లోపలికి దించి చూశారు. ఒక పిస్టన్ మీద చీమలు తిన్నట్టు చిన్న చిన్న మచ్చలున్నాయి. చిల్లు పడలేదు. ఇంకోసారి చివరిదాకా తొక్కి ఉంటే పడేది. బావమరిది ఆ మచ్చల్ని చాలాసేపు చూశాడు. తిడతాడని మేస్త్రి ఎదురుచూశాడు. తిడితే కాస్త తేలికపడేవాడు.

"బావా" అన్నాడు వాడు, మొహం ఇటు తిప్పి, ప్రతి మాటా విడివిడిగా. అలా మాట్లాడటం వాడు అప్పుడే మొదలుపెట్టేశాడు. "నా సంగతి సరే. దీన్ని మళ్ళీ చేసుకుందాం, నేను వింటా, వినపడగానే చెయ్యెత్తుతా, నువ్వు నా చెయ్యి చూసి తగ్గించు. మరి ఈ రెండేళ్ళలో పెట్రోలు మీద చేసిన బళ్ళ సంగతేంటి?"

అతను రాత్రుళ్ళు ఆలోచించకుండా తప్పించుకు తిరిగిన ప్రశ్న అదే. వాటిని లెక్కల మీద, ఊహ మీద చేశాడు. భయపడి, బలం కాస్త తక్కువే పెట్టాడు. చాలావరకు ఏమీ కాకపోవచ్చు. కాకపోవచ్చనేది కస్టమర్‌కి చెప్పే మాటేనా? పళ్ళ డాక్టరు గుర్తొచ్చాడు. ఆయనకి పెట్రోలు మీద చేసిచ్చిన ఆ బండి ఒక్కటీ ఎందుకో మొదటినుంచీ మనసులో గుచ్చుకుంటూనే ఉంది. ఆయన అందులోనే పిల్లల్ని బడికి దింపుతాడు.

"ఫోను ఇలా ఇవ్వు" అన్నాడు భార్యతో.

"నేను మాట్లాడతానండీ."

"వద్దు. నేనే చెప్పాలి."

ఆమె నంబరు కలిపి ఇచ్చింది. అతను ఫోను చెవికి గట్టిగా నొక్కుకున్నాడు. అవతల గొంతు వచ్చింది, మాట ఏదో తెలియలేదు. తెలియకపోయినా తను చెప్పాల్సింది చెప్పాడు. "డాక్టరుగారూ, నేను మేస్త్రిని. మీ బండి మళ్ళీ ఒకసారి తీసుకురావాలి. అప్పటిదాకా గట్టిగా తొక్కకండి. బండిలో తప్పేమీ లేదండీ, నాలో ఉంది. నాకు చెవులు వినపడట్లేదు. మీ బండి చేసినప్పుడూ వినపడలేదు. వినపడినట్టు చెప్పాను."

ఆ తర్వాత ఏమీ రాలేదు. ఆయన మాట్లాడటం లేదో, మాట్లాడుతున్నా తనకి అందటం లేదో అతనికి అర్థం కాలేదు. కొంచెంసేపు ఓపికపట్టి, ఇక పట్టలేక, ఫోను భార్య చేతికిచ్చేశాడు.

"ఏమంటున్నాడు?"

ఆమె విన్నది. మొహం అతనివైపు తిప్పి, పెదవులు బాగా కనపడేలా చెప్పింది.

"ఏమీ అనట్లేదండీ."

అతను తలూపి స్టూలు మీద కూలబడ్డాడు. ఆమె ఫోను పెట్టెయ్యలేదు. అవతలి మనిషి ఏదో ఒకటి అనేదాకా అలాగే చెవికి ఆనించుకుని, అతని పక్కనే నిలబడింది.