నేల వదలని విమానం

కడియం పక్క ఊళ్ళో విమానం జయపాల్ గారంటే తెలియనివాళ్ళు లేరు. ఎయిర్‌ఫోర్సులో పదిహేనేళ్ళు చేసి వచ్చి, గులాబీ మొక్కల నర్సరీ పెట్టుకున్నారు. ఆయన విమానాలు నడిపారని ఊరంతా చెప్పుకుంటుంది. ఆయన ఎన్నడూ అలా చెప్పలేదు. అనుకున్నవాళ్ళకి కాదనీ చెప్పలేదు. మీసం దువ్వుకుంటూ నలభై ఏళ్ళు నెట్టుకొచ్చారు, అదే ఆయన చేసిన పాపం.

డెబ్బై అయిదేళ్ళ వయసులో ఆ గుట్టు ఒక హార్మోనియం వల్ల బయటపడే గతి పట్టింది. లూథరన్ చర్చిలో కాళ్ళతో తొక్కి వాయించే పాతది ఒకటుంది. ఉన్నట్టుండి దానికి ఊపిరాడటం మానేసింది. ఆదివారానికి బాగుపడకపోతే తీసేసి కీబోర్డు పెడతామని కమిటీవాళ్ళు తేల్చేశారు. దాన్ని వాయించేది దేవకుమారి, నాలుగేళ్ళ కిందట బదిలీ మీద వచ్చిన ఫిజిక్స్ టీచరు. మిషన్లు తెలిసినవారు గదా, ఒకసారి చూసిపెట్టమని తిన్నగా జయపాల్ గారి దగ్గరికే వచ్చింది.

వెనక చెక్క ఊడదీయగానే లోపల తోలు తిత్తి కనబడింది. జయపాల్ గారి వేళ్ళు వాటంతటవే మడతల వెంట పోయాయి. గాలి ఎక్కడ పోతోందో తెలియాలంటే కాస్త పొగ కావాలన్నారు. చర్చిలో అగరొత్తి వెలిగిస్తే పెద్దలు ఊరుకోరు. దేవకుమారి మస్కిటో కాయిల్ తెచ్చింది. ఆవిడ తొక్కుతుంటే పొగ ఒక మడత దగ్గర వంకర తిరిగింది. ఎవరో అక్కడ మందపాటి రెక్సిన్ అంటించారు. అది ముడుచుకోదు, పక్కనే చిరుగుతుంది. ఆయన దాన్ని ఊడబీకి, గొడుగు గుడ్డకి సైకిల్ షాపు సొల్యూషన్ రాసి రెండు పొరలు వేశారు.

దేవకుమారి ప్రతిదీ అడిగే మనిషి. గొడుగు గుడ్డే ఎందుకు, రెండు పొరలెందుకు అని అడిగి అడిగి అసలు ప్రశ్నకి వచ్చింది.

"విమానంలో తిత్తులెక్కడ ఉంటాయండీ? ఇవన్నీ మీకెలా తెలుసు?"

మిలిటరీలో అన్నీ నేర్పుతారని తప్పించుకోవచ్చు. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఇన్నేళ్ళలో తన అసలు పని గురించి అడిగిన మొదటి మనిషి ఈవిడే. చెప్పాలని ఆయనకి ప్రాణం కొట్టుకుపోయింది.

"నేను విమానం నడపలేదు టీచరుగారూ. నా విమానం నేల వదిలేదే కాదు."

అదొక చెక్కపెట్టె. పొట్టి రెక్కలు, పైన మూత, కింద నాలుగు తిత్తులు. లోపల కూర్చున్న కుర్రాడు కర్ర తిప్పితే ఒక తిత్తిలో గాలి తగ్గి పెట్టె అటు ఒరిగేది. వెనకటికి అమెరికాలో చర్చి ఆర్గన్లు చేసే ఇంట్లో పుట్టిన ఒకాయన, చేతికందిన తిత్తులతోనే దాన్ని కట్టారట. రెండో ప్రపంచ యుద్ధంలో లక్షల మంది పైలట్లు అందులోనే ఓనమాలు దిద్దుకున్నారు. జయపాల్ గారి పని బయట బల్ల దగ్గర కూర్చుని, లోపలి కుర్రాడికి ఇయర్‌ఫోన్లలో దారి చెప్పడం, సాయంత్రం తిత్తులకి అతుకులు వేయడం. తర్వాత కంప్యూటర్లొచ్చి, పెట్టె సామాన్ల గదికి పోయింది. ఇప్పుడు కళ్ళకి వీఆర్ అద్దాలు తగిలించి గదిలోనే యుద్ధం చూపిస్తున్నారట.

మూత వేసి బయటేమీ కనబడని పెట్టెలో ఏం నేర్చుకుంటారని ఆవిడకి అనుమానం వచ్చింది. ఆయన చర్చి ఆఫీసు గదిలోని తిరిగే కుర్చీలో ఆవిణ్ణి కళ్ళు మూసుకుని కూర్చోమని, ఒకే వేగంతో మెల్లగా తిప్పారు. మొదట కుడికి తిరుగుతున్నానంది. కాసేపటికి ఆగిపోయిందంది. కుర్చీ తిరుగుతూనే ఉంది. ఆయన నిజంగా ఆపేసరికి, ఇప్పుడు ఎడమకి అంది. కళ్ళు తెరిచి తెల్లబోయింది.

"మబ్బులో ఇంతేనండి. మనకి అనిపించింది నమ్మితే పోతాం, ఎదురుగా ఉన్న మీటరులోని ముల్లుని నమ్మాలి. మూడొందల మందికి ఇదే చెప్పాను."

ఇంత పని చేసి దాచుకోవడమెందుకని ఆవిడ అడిగింది. ఆయన హార్మోనియం వెనక చెక్క బిగించడానికి వెళ్ళిపోయారు.

ఆదివారం హార్మోనియం గొంతెత్తి పాడింది. ఆరాధన అయ్యాక పాస్టరుగారు, మన పైలట్ జయపాల్ గారికి వందనాలన్నారు. ఆయన లేచి నిలబడ్డారు. పరువు ఇవాళతో సరి అనుకున్నారు.

"నేను ఏనాడూ విమానం నడపలేదండి. నడిపేవాళ్ళకి నేలమీద పెట్టెలో నేర్పేవాణ్ణి. ఇన్నాళ్ళూ చెప్పనందుకు క్షమించండి."

ఎవరూ ముక్కున వేలేసుకోలేదు. ముందు వరసలో బేబి గారు కొంగు సర్దుకుంది. ఆరేళ్ళ కిందట పోయిన ఆయన భార్య మెర్సీకి ఆవిడ ప్రాణస్నేహితురాలు.

"కూర్చోండి అన్నయ్యగారూ. మీరొచ్చిన ఏడాదే మెర్సీ మా అందరికీ చెప్పింది. పైలట్ అన్న పేరంటే మీకు ఇష్టమనీ, కాదని ఎవరూ అనొద్దనీ మాట తీసుకుంది."

జయపాల్ గారు కూర్చోబోయి, బెంచీ ఎక్కడుందో చేత్తో తడుముకున్నారు. మెర్సీ మీద కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. నలభై ఏళ్ళు మూత వేసుకుని కూర్చున్నది తనేనన్నమాట. దేవకుమారి మళ్ళీ తొక్కడం మొదలుపెట్టింది. గొడుగు గుడ్డ అతుకు కాస్త గాలి కూడా వదల్లేదు.