మధ్యలో తెరవని బుట్ట

నూట ఎనభై డిగ్రీలంటే అసలు ఎంత వేడి, జ్వరం నూట మూడు దాటితేనే మనిషి పలవరిస్తాడు కదా, మరి నూట ఎనభై దగ్గర ఈ బంగాళాదుంప లోపల ఏమేం మాట్లాడుతోందో, ఆ డిగ్రీలు వేరు ఈ డిగ్రీలు వేరని నిన్న భార్య మంచం మీదనుంచే చెప్పింది, లెక్కల టీచరు కదా, డిగ్రీల దగ్గర ఆవిడతో పెట్టుకోకూడదు, ఆవిడకి రెండున్నాయి, తనకి ఒక్కటీ లేదు, తనకున్నదల్లా ఒక ఫోటో స్టూడియో, అందులో ఒక చీకటి గది, ఇప్పుడీ గట్టు మీద బొజ్జ పెంచిన హెల్మెట్‌లా కూర్చుని గుయ్యిమంటున్న ఎయిర్ ఫ్రయర్, ఇంకా తొమ్మిది నిమిషాలట, అయినా గాలి వేయించడమేమిటి, యాభై అయిదేళ్లుగా వేడి టీని ఊది చల్లార్చుకున్నది ఈ గాలితోనే కదా, అదే గాలి డబ్బాలోకి దూరగానే పార్టీ మార్చేసిందా.

మరదలు తెచ్చిచ్చింది దీన్ని, బావగారూ, ఇది నూనె లేకుండానే వేపుతుంది అంటూ, నూనె లేకుండా వేపుకు తినడం మీ అక్కకి పెళ్లయిన నాటి నుంచీ వచ్చు కదమ్మా అన్నాడు తను, పక్కగదిలోంచి ఆవిడ నవ్వింది, కుట్లు లాగుతున్నాయి, నవ్వించకండి అని కూడా అంది, ఆపరేషను అయ్యాక ఆవిడ నవ్వడం అదే మొదలు, పిత్తాశయంలో రాళ్లన్నారు, తీసేశారు, ఇరవై ఆరేళ్లు తనతో వేగిన మనిషి ఇక కొన్నాళ్లు వేపుళ్లు ముట్టకూడదన్నారు, రోజుకి అర చెంచా నూనె, అంతే, బాగానే ఉంది, కానీ ఆవిడ వేపుళ్లే కాదు, ఏదీ ముట్టడం లేదు, ఆరు వారాల్లో అయిదు కిలోలు తగ్గింది, ఎల్లుండి శుక్రవారం తూకం, ఇంకో కిలో తగ్గితే మళ్లీ చేర్పించి సెలైను పెట్టాల్సిందే అన్నాడు డాక్టరు, ఆకలి వెయ్యట్లేదండీ అంటుంది ఆవిడ, అడిగితే అదే మాట, కంచం జరిపేసేటప్పుడూ అదే మాట.

అందుకే కదా ఈ నోటుపుస్తకం, ఎడమ వైపు డిగ్రీలు, మధ్యలో నిమిషాలు, కుడివైపు ఆవిడ వేసిన మార్కులు, మొదటిరోజు దుంపలకి పదికి రెండు, పైన బొగ్గు, లోపల పచ్చి, పచ్చి నిజం చెప్పాలంటే ఆ రెండూ జాలికి వేసినవే, మూడో రోజు కాలీఫ్లవర్‌కి నాలుగు, తడి తుడవకుండా వేశాడు, వేగలేదు, ఆవిరికి ఉడికింది, తను ఉడుక్కున్నాడు, తర్వాత కనిపెట్టాడు, ముక్కల్ని నీళ్లలో నానబెట్టి, తీసి, కడిగిన ఫోటోని అద్దినట్టు మెత్తటి గుడ్డతో అద్దాలి, ఒక్క చుక్క తడి ఉండకూడదు, ఆరోజు అయిదు వచ్చాయి, కానీ ముక్కలు మాత్రం మూడే తింది, మార్కులు పెరుగుతున్నాయి, ముక్కలు పెరగడం లేదు, ఇదేం లెక్కో ఆ లెక్కల టీచరుకే తెలియాలి.

నిన్న మరదలు ఫోనులో అడిగింది, బావగారూ, మధ్యలో బుట్ట లాగి కుదుపుతున్నారా లేదా, కుదపడమా, మధ్యలో తెరవడమా, తను ముప్ఫయ్యేళ్లు చీకటి గదిలో బతికినవాడు, బొమ్మ తేలేలోపు తలుపు సందులోంచి పోచంత వెలుగు పడినా ఒకరి పెళ్లంతా నల్లబడిపోతుంది, అలా ఒకసారి నల్లబడింది కూడా, పెళ్లికొడుకు కొట్టలేదు గానీ పెళ్లికూతురు కొట్టేదే, అప్పట్నుంచి పని సగంలో ఉండగా ఏదీ తెరవడు, అందుకే బుట్టని లోపలికి తోసి, అలవాటు కొద్దీ వంటగది లైటు కూడా ఆర్పేసి, బయట నించుని గంట కొట్టేదాకా కాపలా కాస్తున్నాడు, అది చెబితే మరదలు నవ్వి నవ్వి, బావగారూ, అది దుంప, నెగెటివు కాదు, మధ్యలో చూస్తే సిగ్గుపడదు అంది.

ఇంకా ఏడు నిమిషాలు, సరే చూద్దాం, లోపలికొచ్చి లైటు వేసి పిడి పట్టుకున్నాడు, చెయ్యి వెనక్కి లాగుతోంది, లాగేశాడు, గుయ్యిమనడం ఆగిపోయింది, ఒక్కసారి ఇల్లంతా నిశ్శబ్దం, వేడి మొహాన కొట్టింది, ఏమీ నల్లబడలేదు, పైవి పసుపు, అంచులవి గోధుమరంగు, అడుగున ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నవి ఇంకా తెల్లగానే ఉన్నాయి, ఓహో, వాటికి గాలి తగలనే లేదన్నమాట, ఇంత తేలికా, ఇన్ని రోజులూ ఇదేనా, ఈలోగా వెనక చెప్పుల చప్పుడు, గోడ పట్టుకుని ఆవిడ, ఆగిపోయిందేం, పాడైందా, లేదు, తెరిచాను అన్నాడు దొంగలా, ఉడికిందో లేదో రంగు చూస్తే తెలియడం లేదు, రంగు చూసి చెప్పడానికి ఇదేమైనా చీరా, కొరికి చూడండి అంది, కొరికాడు, నాలుక కాలింది, ఊ ఊ అంటూ గెంతాడు, ఆవిడ తనూ ఒకటి తీసి ఊదుకుని కొరికి, ఇది పచ్చి అంది, ఇంకోటి తీసి, ఇది పర్లేదు, ఉప్పు చాలలేదు, అతను ఉప్పు చల్లాడు, ఆవిడ బుట్ట లాక్కుని రెండు చేతులా ఎగరేసి కుదిపింది, ముక్కలన్నీ తారుమారయ్యాయి, మళ్లీ తోశారు, మళ్లీ గుయ్యి.

ఆవిడ మంచం దగ్గరికి వెళ్లలేదు, గట్టుకి ఆనుకుని నిలబడింది, స్కూల్లో తన బదులు వచ్చిన కొత్త టీచరు సున్నాని ముగ్గులా గీస్తుందట, పిల్లలు వచ్చి చెప్పారట, అతను తన కొత్త కెమెరాకి కళ్లు తిరిగేన్ని మీటలున్నాయన్నాడు, మూడు నిమిషాలకి మళ్లీ లాగారు, ఆవిడొకటి, అతనొకటి, ఇది కరకరలాడుతోంది వినండి అని అతని చెవి దగ్గర కొరికింది, ఇంకో రెండు నిమిషాలన్నాడు, ఎందుకూ, ఇవి అయిపోయాయిగా అంది, అంచులవి ఏరుకుంటూ, మాటల్లో మాటగా, చూస్తే బుట్టలో అడుగు కనిపిస్తోంది, కంచంలో వడ్డించడానికి నాలుగు ముక్కలైనా మిగల్లేదు.

మార్కులెన్ని అని అడగబోయి పుస్తకం కోసం చెయ్యి చాపాడు, కలం దొరికింది, రాయబోతే చెయ్యి ఆగింది, నిమిషాలు గుర్తు లేవు, ఎన్ని ముక్కలు తిన్నారో గుర్తు లేదు, కానీ కంచం గుర్తొచ్చింది, ఆరు వారాలుగా పథ్యం కదా అని ముందు ఆవిడకి ఒక్కదానికే పెట్టేవాడు, ఎదురుగా నించుని, ఈమధ్య ఈ కలం కూడా పట్టుకుని, ఏ ముక్క నములుతోంది, ఏది వదిలింది అని నోటికేసే చూసేవాడు, తర్వాత ఆవిడ పడుకున్నాక తను సింకు దగ్గర నిలబడి ఏదో ఇంత మింగేవాడు, అంతకు ముందు ఇరవై ఆరేళ్లలో ఒక్కరోజైనా అలా జరిగిందా, స్టూడియో మూసి ఎంత ఆలస్యంగా వచ్చినా ఆవిడ పేపర్లు దిద్దుకుంటూ కూర్చునేది, ఇద్దరికీ ఒకేసారి వడ్డించేది, మీరు తినరేం అంటోంది ఆవిడ, చివరి ముక్కని సగం విరిచి ఇస్తూ, అతను కలం గట్టు మీద పెట్టేశాడు, ఆవిడకి ఆకలి లేక కాదు, ఆరు వారాలుగా ఆవిడ ఒక్కత్తే తింటోంది.