పెరుగు లేని పంక్తి

మా మావయ్యగారు తోమాసుగారికి నలుగురూ ఆమెన్ అంటే ఒళ్ళు తెలియదు. ఈ సంగతి తెలిసి కూడా, లెంటు మొదలైన బుధవారం నాడు ఆయన్ని ప్రార్థన కూటానికి ఒంటరిగా ఎవరు పంపారో ఆ దేవుడికే తెలియాలి.

ఈస్టరుకు ముందు వచ్చే ఆ నలభై రోజులూ ప్రతివాళ్ళూ ఏదో ఒకటి వదులుకోవాలని మా గుడి పాస్టరు దైవాధీనం అయ్యగారు చెప్పారట. ముందు లేచింది మా పక్కింటి విల్సన్ మాస్టారు. మావయ్యగారు గొడుగు కొంటే అంతకంటే పెద్ద గొడుగు కొనే మనిషి ఆయన. మాంసం వదిలేస్తున్నానన్నాడు. కూటం ఆమెన్ అంది. మరి మావయ్యగారు ఊరుకుంటారా? లేచి, మాంసంతో పాటు చేప కూడా అన్నారు. ఆమెన్ కాస్త గట్టిగా వచ్చింది. గుడ్డు కూడా అన్నారు. ఇంకా గట్టిగా వచ్చింది. ఆ ఊపులో పాలు, పెరుగు, నెయ్యి, చివరికి తేనె కూడా వదిలేసి, "ప్రాణమున్న దేని దగ్గర్నుంచీ ఏదీ పుచ్చుకోను" అని ప్రకటించి కూర్చున్నారు. అయ్యగారు ప్రార్థన ముగించబట్టి సరిపోయింది గానీ, ఇంకో రెండు ఆమెన్లు పడితే ఉప్పు కూడా పోయేది.

వదిలింది ఆయన, వండాల్సింది మేము. మగవాళ్ళ త్యాగాలన్నీ ఇంతే. పొయ్యి దగ్గరికి వచ్చేసరికి ఆడవాళ్ళ నెత్తిన పడతాయి.

మా అత్తయ్య సౌభాగ్యమ్మగారు దివిసీమ మనిషి. సముద్రం ఒడ్డున పాలకాయతిప్ప ఇసకలో ఆడుకుని పెరిగింది. కూరగాయ అంటే ఆవిడ దృష్టిలో చేప దొరకని రోజు ఇంటికి జరిగే ప్రమాదం. నేను గుడివాడ నుంచి కోడలిగా బందరు వచ్చిన కొత్తలో, "మీ ఊళ్ళో చేపని బొమ్మలో చూపిస్తారా పిల్లా?" అని అడిగింది. అలాంటి ఆవిడ మొగుడి ప్రకటన విని, "ఏం వండమంటారు? గడ్డి కోసుకురానా?" అంది.

"గడ్డయినా పరవాలేదు" అన్నారు మావయ్యగారు. మాట ఇచ్చిన మొదటి పూట కదా, ఆ మాత్రం గాంభీర్యం ఉంటుంది. మర్నాడు పాలు లేని కాఫీ చూసేసరికి సగం దిగిపోయింది.

అయితే అత్తయ్య దిగులు గడ్డి గురించి కాదు, తమ్ముడి గురించి.

ఇస్సాకు బాబాయిగారు ఆవిడకు ఒక్కగానొక్క తమ్ముడు. ఇప్పటికీ పాలకాయతిప్ప దగ్గరే ఉంటారు. ఇంత పొలం, ఒక పడవ, రెండు వలలు. నా పెళ్ళి భోజనాలకు చేపలు తెచ్చింది ఆయనే. పంక్తిలో మావయ్యగారు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, అందరూ వినేట్టు, "నిన్నటిదిలా ఉందే" అన్నారు. చేపలు పట్టేవాణ్ణి తిట్టాలంటే ఇంకో మాట అక్కర్లేదు. ఆ రోజుతో బావాబావమరుదులకు మాటలు పోయాయి.

మాటలు పోయాయి గానీ రాకపోకలు పోలేదు. ప్రతి ఆదివారం గుడి వదిలే వేళకు బాబాయిగారు అవనిగడ్డ బస్సు దిగి, తాటాకు బుట్ట మా వాకిట్లో దించి, "అక్కా! పొద్దున పట్టింది" అని అరిచేవారు. అరుపు అక్క కోసం కాదని వీధికంతా తెలుసు. ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని తలెత్తకుండా తినేవారు. మావయ్యగారు ముల్లు తప్ప ఏమీ మిగల్చరు, బాగుందన్న మాట మాత్రం నోటివెంట రాదు. చివర పెరుగన్నం. చేప తిన్నాక పెరుగు తినకూడదనేవాళ్ళు ఉన్నారు గానీ, మావయ్యగారు ఆస్పత్రిలో కాంపౌండరుగా చేసిన మనిషి, అవన్నీ వట్టివేనని కొట్టిపారేసేవారు. పెరుగన్నం అవగానే అందరూ ఒక్కసారే లేచేవారు. బాబాయిగారు చేతులు కడుక్కుని, బస్సెక్కి వెళ్ళిపోయేవారు.

లెంటులో మొదటి ఆదివారం బస్సు వచ్చింది, బాబాయిగారు రాలేదు. కండక్టరు మా గుమ్మం దాకా వచ్చి, "చేప తినని ఇంట్లో చేపలోడికేం పని అన్నాడమ్మా" అని చెప్పి వెళ్ళాడు.

ఆ రోజు వంట తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. అత్తయ్య వంకాయలతో చేపల పులుసు పెట్టింది. గరిటె పెడితే ముక్క విరుగుతుందని, కుండ చెవులు పట్టుకుని అటూ ఇటూ తిప్పింది కూడా. "వంకాయకి ముల్లుండదు అత్తయ్యా, గరిటె పెట్టొచ్చు" అన్నాను. వినలేదు. మావయ్యగారు తిని, నీళ్ళు తాగి, కళ్ళు మూసుకున్నారు. ప్రార్థనో, వైరాగ్యమో తెలియలేదు.

వంటింట్లోకి వెళ్ళి చూస్తే అత్తయ్య పొయ్యి ముందు కూర్చుని కళ్ళు తుడుచుకుంటోంది.

"పొగా?" అన్నాను.

"పొగ కాదే. తమ్ముడు." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఆ చేప ఒక్కటే వాణ్ణి ఈ గుమ్మం ఎక్కిస్తంది. ఇప్పుడు మానేశాడంటే ఇంక రాడు. మొండోడు. ఈయనా మొండోడే. ఇద్దరి మధ్యా నేను నలిగిపోతన్నా ప్రభావతీ."

నాకు జాలేసింది. జాలేస్తే నాకు కోపం కూడా వస్తుంది, అదో జబ్బు.

"వచ్చే ఆదివారం వంట నేను చేస్తాను. మీరు బాబాయిగార్ని పిలవండి" అన్నాను.

"ఏం పెట్టి పిలవను?"

"ఉలవచారు."

అత్తయ్య ఏడుపు ఆగిపోయింది. "ఎడ్లకి పెట్టే ఉలవలా? నా తమ్ముడికా?"

"ఉలవలు ఎడ్లకే అత్తయ్యా. ఉడికిన నీళ్ళు మనకి. మా గుడివాడలో పెళ్ళికొడుకు అలక తీరాలన్నా అదే పోస్తారు."

పెళ్ళికొడుకు సంగతి నేను అప్పటికప్పుడు కల్పించిందే. కానీ పనిచేసింది. మర్నాడు అత్తయ్య నన్ను వెంటబెట్టుకుని బస్సుల దగ్గరికి వెళ్ళి, ఆ కండక్టర్నే పట్టుకుంది.

"మా ఇస్సాకుతో చెప్పు. చేపలు తెచ్చేవాడు రానక్కర్లేదు, నా తమ్ముణ్ణి రమ్మన్నానని చెప్పు" అంది. టిక్కెట్లు కొడుతున్న కండక్టరు కాసేపు చెయ్యాపి, "అట్టాగే అమ్మా" అన్నాడు.

శనివారం పొద్దున్నే నానిన ఉలవల్ని పెద్ద కుండలో నిండా నీళ్ళు పోసి పొయ్యి మీదికి ఎక్కించాను. మెత్తగా ఉడికాక ఉలవలు వీధిలో ఎడ్లబండి వాళ్ళకిచ్చేసి, ఆ ఎర్రటి నీళ్ళలో చింతపండు, ఉల్లిపాయలు, కారం, చిన్న బెల్లం ముక్క వేసి, ఊక పొయ్యి సెగమీద సాయంత్రం దాకా కాగనిచ్చాను. చిక్కబడే కొద్దీ వాసన గోడ దాటింది. కాసేపటికి గోడమీద విల్సన్ మాస్టారి తల లేచింది.

"ప్రాణి సంబంధం ఏమీ లేదు కదమ్మా? ఎడ్ల ప్రసక్తి ఏదో వినబడితేనూ..."

"ఎడ్లకి మేం పెడుతున్నాం మాస్టారూ, ఎడ్లు మాకు పెట్టడం లేదు" అన్నాను.

"అయితే రేపు నేనూ వచ్చి చూస్తాను. సాక్షిగా" అన్నాడు. ఆకలికి ఎంత గౌరవమైన పేరో చూడండి.

వెన్న లేదు గనక నువ్వుల నూనెలో వెల్లుల్లి, ఎండుమిరపకాయలు, కరివేపాకు వేసి తాలింపు పెట్టాను. అత్తయ్య వేలితో ఇంత నాకి చూసి, "ఉప్పు సరిపోయింది" అంది. ఆవిడ నోట అంతకంటే పెద్ద బిరుదు రాదు.

ఆదివారం గుడి నుంచి వచ్చి అత్తయ్య గుమ్మంలోనే నిలబడింది. బస్సు వచ్చిన కాసేపటికి వీధి మలుపులో బాబాయిగారు కనబడ్డారు. బుట్ట లేదు. ఎప్పుడూ బుట్ట మోసే చేతులు కదా, వాటినేం చేయాలో తెలియక ఒకసారి వెనక్కి కట్టుకుని, ఒకసారి ముందుకి వేలాడేసి వస్తున్నారు. "వచ్చాన్లే అక్కా" అన్నారు, ఏదో తప్పు చేసినవాడిలా.

వసారాలో ఆకులు వేశాం. మావయ్యగారు, పక్కన బాబాయిగారు, ఆ పక్కన విల్సన్ మాస్టారు, చివర మా ఆయన కృపానందం. మామిడికాయ పప్పు, నువ్వులూ కొబ్బరీ కూరిన గుత్తివంకాయ, గోంగూర పచ్చడి, గుమ్మడి వడియాలు వడ్డించాం. నెయ్యి అడిగే ధైర్యం ఎవరికీ లేదు. తర్వాత ఉలవచారు పోశాను. బాబాయిగారు ఒక ముద్ద తిని, ఆగి, ఆకు కేసి చూసి, మళ్ళీ అన్నం పెట్టమన్నట్టు చెయ్యి చూపారు. మావయ్యగారు కూడా. మాస్టారయితే సాక్ష్యం సంగతి మర్చిపోయి జుర్రుతున్నాడు.

తిన్నారు. మళ్ళీ పోయించుకుని తిన్నారు. ఇక చాలన్నారు. అక్కడ వచ్చింది చిక్కు.

పెరుగు లేదని అందరికీ తెలుసు. పెరుగు లేకపోతే భోజనం ఎక్కడ అయిపోతుందో మాత్రం మాలో ఎవరమూ ఆలోచించలేదు. ఎవరు ముందు లేవాలి? ఇంటాయన గనక అతిథి లేవకుండా మావయ్యగారు లేవకూడదు. చిన్నవాడు గనక బావ లేవకుండా బాబాయిగారు లేవకూడదు. తండ్రీ మేనమామా కూర్చుని ఉండగా మా ఆయన కదలకూడదు. విల్సన్ మాస్టారు లేవొచ్చు. కానీ పొరుగింటి తగువు చూడడం వదిలేస్తానని ఆయన కూటంలో చెప్పలేదు కదా.

చేతులు ఎండిపోతున్నాయి. మావయ్యగారు చూరు కేసి చూశారు. బాబాయిగారు ఆకు ఈనెలు పరీక్షించారు. మా ఆయన కాలు తిమ్మిరెక్కి ముఖం అదోలా పెట్టాడు. నేను చూడలేక, చేతులు కడుక్కోమని చెబుదామని అడుగు వేశాను. తలుపు చాటు నుంచి అత్తయ్య నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"నోరెత్తావంటే చంపుతా" అంది గుసగుసగా. ఆవిడ కళ్ళు మెరుస్తున్నాయి. "చారు ఇంకా ఉందా?"

"ఉంది."

"పట్రా. పొయ్యి. పోస్తానే ఉండు."

పోశాను. వద్దనకుండా తిన్నారు. నేను తలుపు చాటుకి రాగానే అత్తయ్య మళ్ళీ నా మణికట్టు పట్టుకుంది. పంక్తి మాత్రం లేవలేదు. గోడమీద కాకి కూడా విసిగి ఎగిరిపోయింది.

"బావా" అన్నారు బాబాయిగారు, ఆకు వైపే చూస్తూ. నేను కోడలిగా వచ్చాక ఆ పిలుపు వినడం అదే మొదలు. "లెగు."

"నువ్వు లెగు" అన్నారు మావయ్యగారు చూరుతో.

"పెద్దోడివి నువ్వుండగా నేనెట్టా లెగుస్తా?"

"నా ఇంటికి అన్నానికొచ్చావు. నీకంటే ముందు లేస్తే బందరు ఏమనుకుంటుంది?"

"బందరు ఇప్పుడు గుర్తొచ్చిందా? పెళ్ళి పంక్తిలో నా చేపని నిన్నటిదన్నప్పుడు ఏవైంది ఈ బందరు?"

"నిన్నటిది కాబట్టి అన్నాను!"

"నిన్నటిదే!" అని అరిచారు బాబాయిగారు. అరిచి, తనే ఉలిక్కిపడ్డారు. గొంతు తగ్గించి, "నిన్నటిదే బావా. గాలి జోరు మీదుంది, ఆ పొద్దున పడవ సముద్రంలోకి దిగలా. నాకు తెలుసు. నీకూ తెలుసు. అందరి ముందూ అనాలా?" అన్నారు.

మావయ్యగారు మొదటిసారి బావమరిది ముఖంలోకి చూశారు. "అనకూడదు. తప్పే" అన్నారు.

"తర్వాత తెచ్చినయ్యో?"

"ఒక్కదానికీ వంక లేదు."

"మరి ఆ ముక్క చెప్పొచ్చుగా! దాని కోసమే గదా వారం వారం బుట్ట ఒళ్ళో పెట్టుకుని, బస్సులో అందరి చేతా తిట్లు తింటా వచ్చింది!"

మావయ్యగారు ఎండిన వేలితో ఆకు మీద గీత గీశారు.

"చెప్తే ఇంక రావేమోనని" అన్నారు.

నా మణికట్టు మీద అత్తయ్య పట్టు సడలింది. కొంగు నోట్లో కుక్కుకుని గోడకు ఆనుకుంది. నాకూ కళ్ళు మండాయి, ఊక పొయ్యి మీద నెట్టేశాను.

"పిచ్చి బావా" అన్నారు బాబాయిగారు. తర్వాత ఇటు తిరిగి, "అమ్మాయీ, ఆ చారు ఇంకో గరిటె ఉంటే పొయ్యి" అన్నారు. ఆ రోజు వాళ్ళు లేచేసరికి నాకూ అత్తయ్యకూ అన్నం మిగల్లేదు. కుండకు అడుగంటిన మెతుకుల్లో గోంగూర కలుపుకుని, ఇద్దరం ఒకే కంచంలో తిన్నాం.

ఈస్టరు నాటికి మా ఇంటికి పాలూ నెయ్యీ తిరిగొచ్చాయి. బాబాయిగారు బుట్టలో పట్టనంత పండుగప్ప చేపని గోనెలో చుట్టి తెచ్చారు. అదే పంక్తి. మావయ్యగారు మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నారు. అందరం ఊపిరి బిగబట్టాం. ఆయన తీరిగ్గా నమిలి, "నిన్నటిదిలా ఉందే" అన్నారు. బాబాయిగారు నవ్వి నవ్వి పొలమారితే, ఆయన మాడు మీద తట్టింది మావయ్యగారే.

భోజనం చివరికొచ్చింది. విల్సన్ మాస్టారు మెడ చాచి వంటింట్లోకి చూశాడు.

"పెరుగు లేదా అమ్మా సౌభాగ్యమ్మా? లెంటు అయిపోయింది కదా?"

"ఇంకా తోడుకోలేదు మాస్టారూ" అంది అత్తయ్య.

ఉట్టి మీద పెరుగు పొద్దున్నే గడ్డగా తోడుకుంది, నేనే చూశాను. అయినా లోపలికెళ్ళి ఇంకాసిని బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాను.