కుంట కింది ఇల్లు

సంచిలో రెండు చీరలు, దువ్వెన, విభూది పొట్లం సర్దాను. పైన దుప్పటి కూడా పెట్టబోతే పంకజాక్షి వదిన తీసి మంచం మీద వేసింది.

"దుప్పటొద్దుమే దేవకీ. అది పెడితే నన్ను పూర్తిగా పంపించేసినట్టుండాది. కార్తీకం పోతానే వచ్చేస్తా."

వదిన మా ఆయనకు అక్క. మొగుడు పోయి పుట్టింటికి వస్తే, మా మామ తాను కట్టించిన కుంట కిందనే ఆమెకు చిన్న పెంకుటిల్లు వేయించాడు. పాకాల దగ్గర మా పల్లెలో ఆ కుంట సర్కారుది కాదు, మాది. ఇరవై ఏళ్లుగా దాని తూము తీసేదీ మూసేదీ వదినే.

ఆ యేడు, 1979లో, గుజరాత్‌లో ఆనకట్ట తెగి ఊరు కొట్టుకుపోయింది. తర్వాత సొంత కుంటలు కూడా చూడాలని కృష్ణమూర్తి అనే ఓవర్సీరు వచ్చాడు. టేపు పట్టి కట్ట పొడవునా నడిచాడు. ఎలుక బొక్కల్లో కర్ర దూర్చి చూశాడు. నిండితే నీళ్లు పొర్లిపోయే మొరవ రాళ్లు కదిపి చూశాడు. కాగితంలో కట్ట ఎట్లుందనే గడిలో 'బాగుంది' అని, అపాయం అనే గడిలో 'ఒకటి' అని రాశాడు. ఒకటంటే అన్నిటికన్నా ఎక్కువ అపాయం.

మా ఆయన మునిరామయ్య ఒప్పుకోలేదు. "బాగుండాదని నువ్వే రాస్తివి. మళ్లా ఈ ఒకటేంది సార్? మా నాయన కట్టించిన కట్ట ఇది."

"కట్టలో తప్పు లేదు పెద్దాయనా. తెగితే కింద ఎవురు పోతారనేదే ఆ నంబరు. ఉత్త చెనిక్కాయ చేనుంటే మూడు. ఇల్లుంటే ఒకటి. ఒకటైతే నీళ్లు రెండడుగులు తగ్గించి నిలపాల."

తూము దగ్గర కూర్చున్న వదిన అడిగింది. "ఇల్లు తీసేస్తే కట్ట గట్టిపడతాదా అబ్బా?"

"గట్టిపడదమ్మా. నంబరు మారతాది."

"అయితే కట్టకి నేనే బరువు" అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. బడికి పోనిదాన్ని, పంచాంగం చూసి కూడబలుక్కుని చదవడం, రాయడం నేర్చినదాన్ని. కాగితం మీద మాటంటే నాకు భయం. ఆ కాగితం రోజూ తీసి చదివాను. కట్ట బాగుందన్న గడి దాటిపోయి, అపాయం దగ్గర ఆగిపోయేదాన్ని. వానలు ముగిసే దాకా సత్యవేడులో ఆమె మరిది ఇంట్లో ఉండమని బతిమాలింది నేనే. మా ఇంట్లో పెట్టుకుంటే పొద్దుగూకేసరికి తన ఇంటికే పోతుందని తెలుసు.

సత్యవేడు పోయేందుకు తిరుపతి బస్సెక్కించాను. కిటికీలోంచి, "తూము నిదానంగా తియ్యమను మీ ఆయన్ని. వాడికి అన్నిట్లో తొందరే" అంది.

వానలు వచ్చాయి. ఇల్లు ఖాళీ గదా అని మా ఆయన నీళ్లు తగ్గించలేదు. మొరవ పారింది. కట్ట చెమ్మ కూడా పట్టలేదు. కార్తీకం పోయాక వదినను పిలుద్దామన్నాను.

"ఓవర్సీరు మాఘంలో వస్తాడు. ఇల్లు ఖాళీ అని రాయించుకోనీ. నీళ్లు తగ్గిస్తే వరి యాడ పండుతాది?" అన్నాడు మా ఆయన.

కృష్ణమూర్తి వచ్చి, ఖాళీ ఇల్లు కూడా ఇల్లే, ఎప్పుడైనా ఎవరైనా వచ్చి ఉండొచ్చు అన్నాడు. మరుసటి వారం మా ఆయన తలుపు ఊడదీసి, పెంకులు దించాడు. నేను అందుకుని గోడ పక్కన పేర్చాను. వద్దనలేదు. కప్పు లేని ఇంట్లో వదిన ఉండదు, మునగదు అని నాకు ఊరటగా కూడా అనిపించింది. కాగితంలో మూడు పడింది.

వదిన కార్డు రాయించింది: "వానలు పోయినాయి గదా. ఎవురన్నా వచ్చి పిలుచుకోని పోండి. ఎనుము ఈనిందా?"

జవాబు నేనే రాశాను. ఎనుము ఈనిందని, ఇల్లు బాగుచేయిస్తున్నామని, చైత్రం దాకా ఉండమని. చైత్రంలో ఇంకో కార్డు వచ్చింది. ఆ మొండిగోడలు ఆమె చూస్తుందని పిలవలేక, ఈ వానలు కూడా పోనీ అని రాశాను. ఆ తర్వాత కార్డులు రాలేదు.

కట్ట ఇప్పటికీ తెగలేదు. పంకజాక్షి వదిన 1981 జూలై పన్నెండున సత్యవేడులో జ్వరంతో చనిపోయింది. మళ్లీ మా పల్లెకు రాలేదు.