ఆత్మకూరు లైటు

"అంత వంగబాక సువార్తా, ఆ పొక్కు చితికి అన్నంలో పడతాది," అంది మా అత్త లిదియమ్మ, నేను గంజి వారుస్తుంటే.

వంగకుండా గంజి ఎలా వార్చాలో ఆమె చెప్పలేదు. మొహం పక్కకు తిప్పుకొని, ఆవిరంతా చెవికి కొడుతుంటే అలాగే వార్చాను. నాకు పద్నాలుగో ఏట మొదలైన మొటిమలివి. పెళ్లయితే పోతాయంది మా అమ్మ. పెళ్లయింది. ఒక కాన్పయితే పోతాయంది మా అత్త. మెర్సీ పుట్టింది, దానికి అయిదేళ్లు కూడా నిండాయి. ఇప్పుడు నాకు ఇరవై ఎనిమిది. ఉదయగిరిలో ఒక కాన్వెంటులో మూడో తరగతికి ఎక్కాలు చెబుతాను. పిల్లలకు వీపు చూపించి బోర్డు మీద రాసుకునేటప్పుడే నా ప్రాణం కాస్త కుదుటపడుతుంది. దారిన పోయే వాళ్లంతా ఆగి మరీ సలహా చెబుతారు. వేడి చేసిందంటారు, వేరుశనగలు మానెయ్యమంటారు, మొహం శుభ్రంగా కడుక్కోదంటారు. అది నా మొహమన్న సంగతి వాళ్లకెవరికీ గుర్తుండదు. ఒక్కోసారి నాకే గుర్తుండేది కాదు.

ఈ ఏడు, తొంభై ఆరులో, మా ఆడబిడ్డ కృపారాణికి సంగం అనే ఊరి సంబంధం కుదిరింది. ప్రధానం, అంటే నిశ్చితార్థం, మా ఇంట్లోనే అనుకున్నారు. అప్పటి నుంచి మా ఆయన డేవిడ్‌రాజుకు నా మొహం దిగులు పట్టుకుంది.

"వచ్చేవాళ్లు నిన్ను జూసి, ఈ ఇంట్లో ఏదో రోగం ఉండాది అనుకుంటే ఏంది గతి?" అన్నాడు.

ముందు స్నేహితుడి మందుల షాపులో అడిగి క్యాప్సూళ్లు తెచ్చాడు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. వాటివల్ల నా కడుపులో మంట తప్ప మరేమీ రాలేదు. ఇంతలో, శనివారాలు నెల్లూరు నుంచి ఆత్మకూరుకు వచ్చే చర్మం డాక్టరు మొటిమలకు కొత్తగా లైటు మిషను పెట్టాడని ఎవరో చెప్పారు. ఆ శనివారమే నన్ను బస్సెక్కించాడు.

డాక్టరు నెమ్మదస్తుడు. నా గడ్డం పట్టుకొని వెలుతురుకు తిప్పి చూశాడు. "ఈ మధ్య మందులేమన్నా వాడుతున్నారా?" అని అడిగాడు.

నేను నోరు తెరిచాను.

"ఏమీ వాడలేదు సార్," అన్నాడు మా ఆయన.

షాపులో అడిగి మందు మింగించానని డాక్టరు ముందు ఒప్పుకోవడం ఆయనకు నామోషీ. ఆయన గవర్నమెంటు టీచరు మరి. నేను ఆయన వైపు చూశాను. ఆయన నా వైపు చూడలేదు. లేదండీ, వాడుతున్నాను అని అప్పుడు నేను అనొచ్చు. ఆ గదిలో ఆయన మాట అబద్ధం చేసి, రెండు గంటలు ఆ బస్సులో ఆయన పక్కన ఎలా కూర్చోను? నోరు మూసుకున్నాను. నన్ను నేను తిట్టుకోవలసి వస్తే ఆ ఒక్క క్షణానికే తిట్టుకుంటాను. అయినా, తెరిచిన నోరు మూయించడం ఆరేళ్లుగా ఆయనకు అలవాటు, మూసుకోవడం నాకు అలవాటు.

"మొదట రెండు నిమిషాలతో మొదలుపెట్టి మెల్లగా పెంచుదాం," అన్నాడు డాక్టరు.

"ఇంక మూడు వారాలే ఉండాది సార్. ఫంక్షన్ నాటికి పోవాల. కొంచెం ఎక్కువే పెట్టండి," అన్నాడు మా ఆయన.

డాక్టరు తటపటాయించి అయిదు నిమిషాలు రాశాడు. ఎన్ని నిమిషాలు కాలాలో నన్ను ఎవరూ అడగలేదు.

లోపల ఒక నర్సమ్మ నన్ను బల్ల మీద పడుకోబెట్టి, కళ్లకు నల్ల అద్దాలు బిగించి, మొహం మీదికి దీపం లాగింది. అద్దాల అంచుల్లోంచి ఊదారంగు సన్నగా కనిపించింది. ఏదో కాలినట్టు వాసన. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, అక్కడ నాకు హాయిగానే అనిపించింది. పొయ్యి లేదు, పేపర్లు దిద్దే పని లేదు, ఎవరూ నన్ను పిలవరు. అయిదు నిమిషాలు పడుకోవడమే నా పని.

ఇంటికి వచ్చేసరికి మొహం మండుతోంది. తెల్లవారేసరికి ఉబ్బిపోయి, బుగ్గల మీద నీటి పొక్కులు లేచాయి. కళ్లు సగమే తెరుచుకుంటున్నాయి. ఆ కళ్లతోనే దోసెలు పోశాను. చర్చికి మాత్రం రావద్దన్నారు.

మరుసటి శనివారం నన్ను చూసి డాక్టరు కుర్చీలోంచి లేచాడు. గుచ్చి గుచ్చి అడిగాడు. చివరికి మా ఆయన జేబులోంచి క్యాప్సూళ్ల అట్ట తీసి చూపించాడు.

"ఇవి మింగుతూ ఈ లైటు కింద పడుకుంటే చర్మం కాలిపోదా అమ్మా? అందుకే గదా మొదటే అడిగాను. ఎందుకు చెప్పలేదు?"

డాక్టరు అడిగింది నన్ను. నేను నోరు తెరిచే లోపలే మా ఆయన అన్నాడు: "దీనికి నోరుండాది గదా సార్. చెప్పొచ్చు గదా!"

డాక్టరు నా చీటీ మీద రాసుకున్నాడు. తలకిందులుగానే చదివాను. పేషెంటు మందుల సంగతి దాచిందని రాశాడు. బస్సులో దారంతా మా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

ప్రధానం నాటికి పొక్కులు మాడి, పొరలు లేచి, బుగ్గలు రెండూ నల్లబడ్డాయి. ముందురోజే మా అత్త అంది: "వాళ్లు ఉన్నంతసేపు నువ్వు వెనక గదిలో ఉండు. నీకు జొరమని చెప్తాం. కృప బతుకు చెడగొట్టబాక." కృపారాణి అక్కడే ఉంది. నా కళ్లలోకి చూడలేక జడ అల్లుకుంటూ కూర్చుంది. దాని భయం నాకు తెలుసు. దాని మీద కోపం రాలేదు.

అరవై మందికి పులుసు, వేపుడు, పాయసం అన్నీ నేనే చేసి, వాళ్ల జీపు ఆగిన చప్పుడు వినగానే లోపలికి వెళ్లి గడియ పెట్టుకున్నాను. పాస్టరుగారి ప్రార్థన వినిపించింది. ఆమెన్ లోపలే అనుకున్నాను. తర్వాత విస్తళ్ల చప్పుడు. "వంట బాగుండాది, ఎవరు చేసినారమ్మా?" అని ఎవరో అడిగారు. "మనిషిని పెట్టినాం," అంది మా అత్త.

కాసేపటికి తలుపు చిన్నగా కొట్టారు. మెర్సీ. కొత్త గౌను వేసుకొని, గిన్నెలో పాయసం పట్టుకొని వచ్చింది. లోపలికి రాగానే గొంతు తగ్గించి చెప్పింది.

"అమ్మా, సంగం నుంచి వచ్చిన అవ్వ మీ అమ్మేదని నన్ను అడిగింది. నువ్వు లోపల ఉండావని నేను చెప్పలా. జొరమొచ్చి ఊరికి పోయిందని చెప్పినా. బాగా చెప్పినానా?"

దాని మొహం వెలిగిపోతోంది. మెచ్చుకుంటానని చూస్తోంది. అయిదేళ్లకే ఎంత చక్కగా నేర్చుకుందో! గిన్నె గబుక్కున లాక్కోబోయాను, పాయసం గౌను మీద ఒలికింది. అది బెదిరి నా వైపు చూసింది.

"నాన్న కొడతాడా?"

"కొట్టడు. పోయి ఆ అవ్వకు చెప్పు. మా అమ్మ ఊరికి పోలేదు, వంట చేసింది మా అమ్మే, లోపలే ఉండాది అని చెప్పు."

"నాయనమ్మ తిడతాది."

"నన్ను తిడతాది. నువ్వు చెప్పు."

అది హాల్లోకి పరిగెత్తింది. దాని వెనకే వెళదామని లేచాను. గుమ్మం దాకా వెళ్లాక ఆగిపోయాను. అంతమంది ముందుకు ఈ మొహంతో నడవడం నా వల్ల కాలేదు. గుమ్మం పట్టుకొని అలాగే నిలబడ్డాను.

హాల్లోంచి మెర్సీ గొంతు, స్కూల్లో పద్యం అప్పజెప్పినట్టు గట్టిగా వినిపించింది. ఎవరో కుర్చీ వెనక్కి జరిపారు. మా ఆయన అడుగులు గబగబా నా గది వైపు వస్తున్నాయి.

నేను తలుపు వేసుకోలేదు.