ఇంటర్వెల్ దాకా నేను

నేను ఒక సినిమాలో మొదటి సగాన్ని. వెండిలా మెరిసే పలుచని బిళ్ళని. జనం నన్ను సీడీ అంటారు. నాకు అన్నిటికన్నా పెద్ద భయమేమిటో ముందే చెప్పేస్తాను, తర్వాత ధైర్యం చాలకపోవచ్చు. ఒక పసిపిల్ల బతికిందో లేదో తెలియకుండానే నేను ముక్కలైపోతానేమోనని నా భయం.

ఆ పిల్ల ఎవరని అడిగితే తిన్నగా జవాబు చెప్పలేను. నా లోపల ఒక పిల్ల ఉంది. నా బయట ఇంకో పిల్ల ఉండేది. ఇద్దరూ తల్లి చంక దిగని వాళ్ళే, ఇద్దరిదీ సముద్రం ఒడ్డే, ఇద్దరి తండ్రులూ నీళ్ళ మీదే. ఎవరి గురించి దిగులు పడుతున్నానో ఒక్కోసారి నాకే తెలియదు. మొదట్నుంచీ చెబుతాను, మీకైనా తేలుతుందేమో చూడండి.

నేను ఒక పెద్ద షెడ్డులో పుట్టాను. ప్లాస్టిక్‌ని పాకంలా కరిగించి, అచ్చులో నొక్కి, పైన వెండి పూత పూసి, ఆ పూత కింద ఒక సినిమాని దాచారు. "రేవు దీపం" అని పాతకాలపు నలుపు తెలుపు సినిమా. యుద్ధం రోజుల కథ. ఊరంతా దీపాలార్పేసి, కిటికీలకి నల్ల కాగితాలంటించుకుని కూర్చుంటుంది. అయినా ఎవరో రోజూ కొండ మీంచి శత్రువుల ఓడలకి దీపం చూపిస్తున్నారని పుకారు. ఎవరా గూఢచారి? టెలిఫోన్ ఆఫీసులో పనిచేసే వైదేహి మీద అందరికీ అనుమానం. ఆమె మొగుడు సరుకు ఓడ మీద వెళ్ళి ఇంకా తిరిగి రాలేదు. చంకలో పసిపిల్ల.

ఆ సినిమా ఒక్క బిళ్ళలో పట్టదు. అందుకని ఇంటర్వెల్ దాకా ఒక దానిలో, తర్వాతది ఇంకో దానిలో పెట్టి, రెంటినీ ఒకే డబ్బాలో సర్ది అమ్మారు. మా డబ్బా సర్దిన మనిషి ధ్యాస ఆ పూట ఎక్కడుందో మరి. ఇంట్లో పిల్లకి ఒళ్ళు వెచ్చగా ఉందేమో, నేనైతే తప్పు పట్టను. నా పక్కన రెండో సగాన్ని పెట్టాల్సింది పోయి ఇంకో మొదటి సగాన్ని పెట్టింది. మూత పడ్డాక ఆ చీకట్లో నా కవలని అడిగాను, "తర్వాత ఏమవుతుంది?" అని. "నేనూ నిన్ను అదే అడుగుదామనుకున్నాను" అంది.

అట్ట మీద మాత్రం ఎర్రటి అక్షరాలు: "గూఢచారి ఎవరు?" అడగడం బాగానే అడిగారు. జవాబు లోపల పెట్టడమే మర్చిపోయారు. ఎక్కడో ఒక ఇంట్లో రెండు రెండో సగాలు కూర్చుని, ఈ ఏడుపులన్నీ ఎందుకు మొదలయ్యాయా అని బుర్ర బద్దలు కొట్టుకుంటూ ఉండాలి.

మమ్మల్ని కొన్నవాడు ఎల్లాజీ. విశాఖపట్నం రేవులో చేపల బోటు మీద పని. బజార్లో తోపుడు బండి మీద మా అట్ట చూడగానే ఎగిరి గంతేశాడు. ఇంటికి తెచ్చి తల్లి ఒళ్ళో పెట్టాడు. తల్లి పేరు పోలమ్మ. ఆ సంబరానికి కారణం నాకు ఆ సాయంత్రమే తెలిసింది.

"నా కడుపున వీడున్నప్పుడు డేరా హాల్లో ఈ సినిమాకెల్లినాను" అంది పోలమ్మ, కోడలికి చెబుతూ. "ఇంటర్వల్ కాడ నొప్పులొచ్చీసినాయి. నన్ను బండెక్కించీసినారు. ఆ దీపం పట్టుకున్నది దొంగదో దొరో, ఇన్నేళ్ళూ నాకు తెలీనేదు."

"మరి మావయ్యేనా సూసి సెప్పలేదా అత్తా?"

"ఆయన నా ఎనకాలే లగెత్తుకొచ్చీసినాడు. టికెట్టు డబ్బులు పోయినాయని వీడికి నామకరణం దాకా ఏడిసినాడు."

నవ్వుకున్నారు. చాపలేసుకుని కూర్చున్నారు. నన్ను సీడీ ప్లేయరు పెట్టెలో పెట్టారు. నేను తిరుగుతున్నంతసేపూ టీవీ తెరే నా కన్ను, వాళ్ళ మొహాలన్నీ నాకు కనిపిస్తాయి. వైదేహి దీపాన్ని కొంగు చాటున దాచుకుని, పిల్లని ఎత్తుకుని పడవ దగ్గరికి వస్తుంది. "ఎక్కడికమ్మా ఈ చీకట్లో?" అంటాడు పడవవాడు. "దీపం కనబడాల్సిన చోటికి" అంటుంది. పడవ కదులుతుంది. అంతే. తెర మీద "దయచేసి రెండవ డిస్క్ పెట్టండి" అని వస్తుంది. ఎల్లాజీ రెండో బిళ్ళ పెట్టాడు. మళ్ళీ పేర్లు పడ్డాయి.

పోలమ్మ కాసేపు చూసింది. తర్వాత కొడుకు వైపు తిరిగింది.

"ఒరే, పుట్టి ఒకపాలి సెడగొట్టినావు. కొని ఇంకోపాలి సెడగొట్టినావు. నీకూ ఈ సినిమాకీ ఏటి రా పగ?"

"ఈసారి ఏట నుంచి వొచ్చినాక మార్పించీసి తెత్తానే అమ్మా" అన్నాడు ఎల్లాజీ తల గోక్కుంటూ. మర్నాడు సముద్రం మీదికి వేటకి వెళ్ళిపోయాడు.

ఆ ఇంట్లో నేను ఎక్కువగా చూసిన మొహం కోడలిది. పేరు నూకరత్నం. చిన్న వయసు. ఏడో తరగతిలో ఉండగా తల్లి మంచాన పడితే బడి మానేసిందట. చంటిపిల్ల పేరు ఇంకా స్థిరపడలేదు, అందరూ బుజ్జి అనేవారు. బుజ్జికి ఒకసారి జ్వరంలో ఫిట్స్ వచ్చి కళ్ళు తేలేసిందట. అప్పట్నుంచి నూకరత్నానికి ఒక అలవాటు. పిల్ల నిద్రపోతే చాలు, వంగి ముక్కు కింద వేలు పెట్టి చూసేది. ఊపిరి వేలికి తగిలాక లేచి కూర పొయ్యి మీద పెట్టేది. కూర తిప్పి మళ్ళీ వచ్చి వేలు పెట్టేది. నాలోని వైదేహి అలా ఒక్కసారి కూడా చెయ్యదు. సినిమాలో పిల్లలు వాళ్ళంతట వాళ్ళే ఊపిరి తీసుకుంటారు కాబోలు.

నా కవలకి దారం కట్టి ఉయ్యాల పైన వేలాడదీసింది. గాలికి అది తిరుగుతుంటే గోడ మీద రంగులు పరిగెత్తేవి, బుజ్జి కాళ్ళు ఆడించేది. నేనేమో పెట్టెలోనే ఉండిపోయాను. అత్తాకోడళ్ళు మళ్ళీ మళ్ళీ నన్నే పెట్టుకునేవారు. చివర లేని సినిమాని అన్నిసార్లు ఎందుకు చూస్తారో నాకు అంతు పట్టలేదు. ఈసారైనా ఇంకొంచెం ముందుకి వెళ్తానేమోనని ఆశ కాబోలు. నేనూ ప్రతిసారీ అదే ఆశతో తిరిగేదాన్ని.

"అది గూడచారే. దాని కళ్ళు సూడు, దొంగ కళ్ళు" అనేది పోలమ్మ.

"కాదత్తా. దాని పెనివిటి ఓడ దారి తప్పిపోద్దని దీపం సూపిత్తాంది."

"మరైతే పిల్లనెందుకే ఎత్తుకెల్లడం?"

"ఎవలికి ఒగ్గీసి ఎల్తాది?"

ఎవరి మాట నిజమో నాకు తెలియాలి, కథ నాలోనే ఉంది కదా! కానీ వైదేహి కళ్ళు ఒకసారి దొంగ కళ్ళలాగే ఉండేవి, ఇంకోసారి నూకరత్నం కళ్ళలాగే ఉండేవి. నేను తిప్పే బొమ్మ ఒక్కటే. మరి చూసేవాళ్ళని బట్టి మారుతుందా? అదీ తేల్చుకోలేకపోయాను.

ఇంతలో సముద్రంలో వాయుగుండం అన్నారు. బోట్లన్నిటినీ ఒడ్డుకి రమ్మన్నారట. ఎల్లాజీ బోటు రాలేదు. ఆ పొద్దున్నుంచీ వాన. పోలమ్మ గోనె నెత్తిన కప్పుకుని, బోటు కబురు కనుక్కోవడానికి రేవుకి వెళ్ళింది. బుజ్జికి ఒళ్ళు కాలుతోంది. నూకరత్నం తడిగుడ్డ వేస్తూ, బయటి గాలి హోరు వినలేక కాబోలు, నన్ను పెట్టింది.

వైదేహి దీపం దాచుకుంటున్న చోట ఉన్నాను. ఉయ్యాలలో బుజ్జి ఒళ్ళు బిగుసుకుంది. కళ్ళు పైకి వెళ్ళాయి. నూకరత్నం కేక సినిమాలోదా బయటిదా అని ఒక్క క్షణం నాకే తెలియలేదు. పిల్లని ఎత్తింది. దాని పిడికిట్లో నా కవల దారం ఇరుక్కుంది, పుటుక్కున తెగింది. "బాబూ, ఆటో! బేగి రాండి, నా పిల్ల!" అని అరుస్తూ వాకిట్లోకి పరిగెత్తింది. నా కవల కూడా ఆ పిడికిలి వెంటే పోయింది.

తలుపు బార్లా తెరిచే ఉంది. నేను ఖాళీ గదికి సినిమా చూపించాను. "ఎక్కడికమ్మా?" అన్నాడు పడవవాడు. "దయచేసి రెండవ డిస్క్ పెట్టండి" అని అడిగాను. పెట్టే మనిషి లేదు. అలా అడుగుతూనే ఉన్నాను, కరెంటు పోయేదాకా.

ఆ తర్వాత నాకు చెవులే మిగిలాయి. గదిలోకి నీళ్ళు వచ్చిన చప్పుడు విన్నాను. ఎప్పుడో మనుషులొచ్చి సామాన్లు ఎత్తారు. పోలమ్మ గొంతు వినబడింది, "ఓలమ్మో, నా తండ్రే, నా తల్లే!" అని. మీకు తెలుసు కదా, ఆ పక్క మనుషులు పోయినవాళ్ళని చూసినా అదే మాట, తిరిగొచ్చినవాళ్ళని చూసినా అదే మాట. గొంతు కూడా ఒక్కలాగే వణుకుతుంది. తండ్రి అంటే ఎల్లాజీయేనా, తల్లి అంటే బుజ్జియేనా? ఏడ్చిందా, నవ్విందా? నూకరత్నం మాట మాత్రం ఒక్కటి కూడా వినబడలేదు.

నీళ్ళు పట్టిన పెట్టెని రిపేరు కొట్టుకి చేర్చారు. అది బాగుపడలేదు. మెకానిక్కు నన్ను బయటికి లాగి, అటూ ఇటూ తిప్పి చూసి, తన టీ గ్లాసు కింద పెట్టుకున్నాడు. ఒక యుద్ధాన్నీ, ఒక గూఢచారినీ, ఒక పసిపిల్లనీ మోసిన నా మీద టీ మరకలు పడ్డాయి. గ్లాసు వేడిగా ఉండేది, అంతకుమించి ఫిర్యాదు లేదు. చివరికి పాత ఇనుప సామాన్ల బండివాడు వస్తే పెట్టెతో పాటు నన్నూ వేసేశాడు.

బండి మీద పైనే ఉన్నాను, ఎండ తగులుతోంది, నా వెండి పూతే ఇప్పుడు నా కన్ను. సముద్రం వాసన వచ్చింది. ఏదో సందు మలుపులో, ఒక ఇంటి వసారాలో ఉయ్యాల కనబడింది. దాని మీద దారానికి వేలాడుతూ ఒక బిళ్ళ తిరుగుతోంది. దాని వెలుగు ఒక్కసారి వచ్చి నా మీద పడింది. నా కవలేనా? ఈ రోజుల్లో ఏ ఉయ్యాలకి చూసినా ఒక పాత సీడీ ఉంటోంది. ఉయ్యాల ఊగుతోంది కూడా. లోపల పిల్ల ఉందో, గాలికే ఊగుతోందో! పక్కన ఎవరో ఆడమనిషి కూర్చుని ఉంది, మొహం అటు ఉంది. బండి మలుపు తిరిగిపోయింది.

ఇప్పుడు ఒక గోనెసంచిలో ఉన్నాను. రేపో మాపో కరిగించేస్తారు, మళ్ళీ పాకమవుతాను. వైదేహి గూఢచారో కాదో తెలియకపోయినా పరవాలేదు. అది ఎవరో రాసిన కథ, ఎక్కడో రెండు రెండో సగాల దగ్గర భద్రంగా ఉంటుంది.

మీరెప్పుడైనా రేవు వైపు వెళ్తే, ఆ సందుల్లో వసారాలో ఉయ్యాల కట్టిన ఇంటి ముందు ఒక్క నిమిషం ఆగండి. నూకరత్నం ఉంటే పలకరించండి. ఎలా ఉన్నావమ్మా అని ఆమెని ఎవరూ అడగడం నేను వినలేదు. పిల్ల గురించి, మొగుడి గురించి గుచ్చి గుచ్చి అడగకండి. మాటల్లో పెట్టి, ఆమె కుడిచేతిని గమనించండి. మాట మధ్యలో ఆమె ఉయ్యాల మీదికి వంగి, లోపల వేలు పెట్టి చూసి, మళ్ళీ మీ వైపు తిరిగిందంటే చాలు.