పోలరాజు చెప్పిన బరువు

వన్ టౌన్ చేపల మార్కెట్లో మా ఆయన పోలరాజు కాటా దగ్గర కూర్చుని బరువు చెప్పాడంటే ఇక దాని మీద మాట ఉండదు. చేపలు దించిన రైతూ చూడడు, కొనేవాడూ చూడడు. కాటా మీద ఎర్ర అంకెలు వెలుగుతూనే ఉంటాయి గానీ అవి ఆయన వైపుకి తిరిగి ఉంటాయి. ఆయన "ముప్పై ఎనిమిదిన్నర" అని అరిస్తే ముప్పై ఎనిమిదిన్నరే. మెడ సాచి అంకెలు చూస్తే ఆ మనిషిని దొంగ అన్నట్టే లెక్క. మా వ్యాపారంలో అంతకంటే పెద్ద తిట్టు లేదు. మాది కొల్లేటి లంక. మా మావగారూ ఇలాగే బరువు చెప్పేవారు, ఆయన రోజుల్లో తక్కెడా రాళ్ళూ ఉండేవి.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, నా బరువు కూడా మా ఆయనే చెప్పాడు.

ఆయనకి రెండు కిడ్నీలూ పోయాయి. బీపీ ఉంది, మాత్రలు మింగు మావా అని నేను మొత్తుకుంటుంటే "చేపలు తినేవాడికి బీపీ ఏంటే" అని నవ్వేవాడు. నవ్వి నవ్వి వారానికి మూడుసార్లు డయాలసిస్ దాకా తెచ్చుకున్నాడు. నిండు ట్రేలు ఒంటిచేత్తో లాగేసిన మనిషి, ఇప్పుడు మంచినీళ్ళు కూడా కొలుచుకుని తాగుతాడు. మార్కెట్లో ఆయన చేయగలిగిన పనల్లా కాటా దగ్గర కూర్చోవడమే. బేరాలూ, ఐసూ, వ్యాన్లూ అన్నీ నేనే చూసుకుంటున్నా.

కిడ్నీ మార్చాలన్నారు. ఆయన చెల్లెలు తిరుమల ఇస్తానంది, పరీక్ష చేస్తే దానికి సుగరు తేలింది. పిల్లలు ఇంకా స్కూలు పిల్లలు. మిగిలింది నేను. నాదీ ఆయనదీ ఒకే గ్రూపు. ఆసుపత్రిలో పెద్ద డాక్టరు కాయితాలన్నీ తిరగేసి "అన్నీ బానే ఉన్నాయమ్మా, ఒళ్ళే ఎక్కువ" అన్నాడు. తొంభై రెండు కిలోలున్నా. నా ఎత్తుకి డెబ్బై ఏడు దాటకూడదట. దాటితే ఆపరేషన్‌లో ప్రమాదం, ఆ తర్వాత నాకు మిగిలే ఒక్క కిడ్నీకీ ప్రమాదమట. "నిదానంగా తగ్గండి, ఆరేడు నెలలు పట్టినా పర్వాలేదు" అన్నాడు. ఆయనకేం, పర్వాలేదనే అంటాడు. సూదులు పొడిపించుకునేది మా ఆయన. ప్రతిసారీ ఇంటికొచ్చి మంచం మీద వాలిపోయే మనిషిని చూసేది నేను.

మా వీధి చివర శ్రీదుర్గ అని ఒకావిడ న్యూట్రిషన్ సెంటర్ నడుపుతుంది. గోడ నిండా ఫోటోలు, లావుగా ఉన్నప్పటివి ఒక పక్క, సన్నబడ్డాక ఒక పక్క. "మూడు పూటలా ప్రోటీన్ షేకే ఆంటీ. అన్నం మొహం చూడకూడదు. నెల తిరిగేసరికి మీ జాకెట్లు మీకే వదులైపోతాయి" అంది. నాకంటే రెండేళ్ళు పెద్దది ఆవిడ, నన్ను ఆంటీ అంటుంటే ఒళ్ళు మండింది. అయినా డబ్బా తెచ్చుకున్నా. ఎందుకు తగ్గాలనుకుంటున్నానో నేను చెప్పలేదు, ఆవిడా అడగలేదు.

డబ్బా మీద వెనీలా అని రాసుంది. తాగితే పాలపొడిలో సుద్దముక్క నూరి కలిపినట్టుంది. పొద్దున అదే, మధ్యాహ్నం అదే, సాయంత్రం అదే. మరీ ప్రాణం పోతుంటే రెండు కీరా ముక్కలు. తెల్లారకముందే శీలావతులూ బొచ్చెలూ దించుకుని అమ్ముకుని ఇంటికొచ్చి, పిల్లలకి పులుసు పెట్టి, వాళ్ళు వేళ్ళు నాకుతూ తింటుంటే నేను బాటిల్ గిలకొట్టుకుంటూ కూర్చునేదాన్ని. ఉప్పు చూడటానికి కూడా నాలిక మీద వేసుకునేదాన్ని కాదు. కూరలు ఒకరోజు కషాయం, ఒకరోజు చప్పిడి. పిల్లలు పాపం ఏమీ అనకుండా తిన్నారు.

తిరుమల తోటికోడలి కూతురికి మైలవరంలో ఓణీల ఫంక్షన్ చేస్తే, పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు ఆ బాటిల్ పట్టుకునే వెళ్ళా. భోజనాల దగ్గర ఆడాళ్ళంతా చుట్టూ చేరారు. "బాగా తగ్గావే గంగా, ఏం పౌడరు, ఎక్కడ కొన్నావు, మాకూ చెప్పవూ." ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్ట కాల్చుకోవడానికి నిప్పడిగాట్ట ఇంకొకడు. మీ మొగుళ్ళకి కిడ్నీలు పోయినప్పుడు చెప్తాలెండి అందామనుకున్నా. శుభకార్యమని ఊరుకున్నా.

ప్రతి ఆదివారం మార్కెట్ సద్దుమణిగాక కాటా కడిగించి నేనెక్కేదాన్ని. ఆయన ఎప్పటిలాగే గట్టిగా చెప్పేవాడు. చుట్టుపక్కల కొట్లవాళ్ళు చప్పట్లు కొట్టేవాళ్ళు. మొదట్లో దబదబా దిగింది. ఎనభై మూడు దగ్గరికొచ్చి మొరాయించింది. ఒక వారం కాదు, రెండు వారాలు కాదు, అదే ఎనభై మూడు. నాకు తిక్క రేగి సాయంత్రం షేకు కూడా మానేశా. దువ్వెన పెడితే జుట్టు కుచ్చులుగా ఊడొచ్చేది. పిల్లల మీద ఊరికే అరిచేదాన్ని.

ఒకరోజు ఐసు గుట్ట పక్కన నిలబడి బేరమాడుతూనే కళ్ళు తిరిగి దాని మీదే పడిపోయా. కళ్ళు తెరిచేసరికి మా ఆయన కింద కూర్చుని నా తల పట్టుకుని ఉన్నాడు. డయాలసిస్ సూదులు పొడిచే చెయ్యి, దాని మీద బరువు పెట్టొద్దని డాక్టరు మరీ మరీ చెప్పిన చెయ్యి, నా తల కింద ఉంది.

"మానెయ్యవే" అన్నాడు.

"నోరు మూసుకుని చెయ్యి తియ్యి. ఆ బాటిల్ ఇటివ్వు" అన్నా.

ఆ తర్వాత బరువు మళ్ళీ దిగడం మొదలెట్టింది. ఎనభై ఒకటి అన్నాడు. పై వారం డెబ్బై తొమ్మిది అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంకో ఆదివారం కాటా ఎక్కి నిలబడితే ఆయన అంకెల వైపే చూస్తూ కూర్చున్నాడు.

"ఏంటి మావా, చెప్పు."

"డెబ్బై ఏడు" అన్నాడు. మామూలుగా అరిచే గొంతు కాదు. సంతోషం పట్టలేకేమో అనుకున్నా.

ఆ మధ్యాహ్నం ఆయనే కొర్రమీను ఏరించి, తిరుమలని పిలిపించి పులుసు పెట్టించాడు. ఆయనకి మాత్రం ఉప్పులేని బీరకాయ. నేను అన్నం కలుపుకుంటుంటే ఎదురుగా కూర్చుని చూశాడు. మొదటి ముద్దకి నాకు ఏడుపొచ్చింది, సిగ్గెందుకు చెప్పడానికి. "ఇంకొంచెం పెట్టించుకో" అన్నాడు. పెట్టించుకున్నా. "ఆ తల ముక్క కూడా వేసుకో" అన్నాడు. వేసుకున్నా. ఆయన తినడం మర్చిపోయి నన్నే చూస్తున్నాడు. ఆసుపత్రికి వెళ్ళేదాకా ఆ నాలుగు రోజులూ కాస్త అన్నం తిన్నా, తప్పేముందిలే అనుకుని.

ఆసుపత్రిలో నర్సమ్మాయి మిషన్ ఎక్కమంది. ఎనభై ఒకటిన్నర చూపించింది.

"మీ మిషన్ పాడైందమ్మా" అన్నా.

"లేదు మేడమ్, నిన్ననే సరిచూశారు."

"ఎవరు చూశారో నాకు తెలీదు. మా కాటాకి ఏటా తూనికలు కొలతల వాళ్ళొచ్చి ముద్ర వేసి వెళ్తారు. నా బరువు చూసింది మా ఆయన. ఆయన బరువు చెప్తే కాదన్నవాడు ఇంతవరకూ పుట్టలేదు. కావాలంటే కైకలూరు దాకా కనుక్కో."

ఆ పిల్ల పక్కగదిలోంచి ఇంకో మిషన్ తెచ్చింది. అందులోనూ ఎనభై ఒకటిన్నరే. రెండూ ఒకే కొట్లో కొని ఉంటారు అన్నా. జనం మూగారు. పెద్ద డాక్టరే బయటికొచ్చాడు. నేను ఆయన్నీ వదల్లేదు. "నాలుగైదు కిలోల తేడా అంటే ఏంటండీ, మాటలా? పదిమందిలో మా ఆయన్ని దొంగని చేస్తారా మీరు? ఆయన రోగిష్టోడయ్యాడని అలుసా?" అని నిలేశా. "నువ్వు చెప్పు మావా" అని తిరిగి చూశా.

మా ఆయన బెంచీ మీద తల వంచుకుని కూర్చున్నాడు. చెప్పుల్లోంచి కాలి బొటనవేలు కదుపుతున్నాడు.

నాకప్పుడు అర్థమైంది. పెద్ద డాక్టరుకి కూడా అర్థమైనట్టుంది, మమ్మల్ని లోపలికి రమ్మన్నాడు. ఆ నెలకి అనుకున్న ఆపరేషన్ వాయిదా పడింది. పైగా నా రక్తంలో యూరియా ఎక్కువొచ్చింది. తిండి సంగతి చూసే రాజ్యలక్ష్మి గారు నేనేం తాగుతున్నానో విని తల పట్టుకుంది. "కిడ్నీ ఇవ్వబోయే మనిషి దాని మీదే ఇంత మోత పెడితే ఎలాగమ్మా? అన్నం మానెయ్యమని మేం చెప్పామా?" అని చీవాట్లు పెట్టింది. ఆవిడ తిట్లు నా చెవికెక్కితేగా. నా కళ్ళు మా ఆయన మీదే ఉన్నాయి.

ఇంటికొచ్చి తలుపు వేశాక అడిగా.

"ఎన్ని కిలోలు మింగావు?"

"నాలుగు."

"ఎందుకు?"

"ఐసు మీద పడ్డావు. లేచి మళ్ళీ ఆ బాటిలే అడిగావు. నేను పోతే ఒక్కణ్ణే పోతాను గంగా. నా కోసం నువ్వు మాడి మాడి చచ్చిపోతే పిల్లలకెవరున్నారు? నువ్వు కడుపునిండా అన్నం తింటుంటే చూడాలనిపించింది. అంతే."

"అంతేనా? నా కిడ్నీ నీకొద్దా?"

"వద్దు. నీ ఒళ్ళు కోసి నేను బతకాలా?"

పెళ్ళయినప్పటి నుంచీ ఆయన్ని ఎన్ని తిట్లు తిట్టానో లెక్కలేదు. అవన్నీ ఒకెత్తు, ఆ రోజు తిట్టినవి ఒకెత్తు. "ఎవరడిగారయ్యా నిన్ను? నా ఒళ్ళు, నా ఇష్టం. ఆకలితో ఎండింది నేను, నువ్వా? నువ్వు పోయాక నా ముందు కొర్రమీను పులుసు పెడితే నేను తింటాననుకున్నావా? నీకు పెట్టకుండా తిన్నది ఏనాడైనా నా ఒంటికి పట్టిందా? నాకు నువ్వు కావాలి మావా. నా దగ్గర రెండున్నాయి, నీ దగ్గర ఒక్కటీ లేదు. ఇందులో అంత ఆలోచించేదేముంది?" అన్నా. అంటూ అంటూ గోడకి చేరగిలబడిపోయా. ఆయన మంచినీళ్ళు తెచ్చి నా పక్కన పెట్టాడు. ఒప్పుకున్నానని మాత్రం అనలేదు.

మర్నాడు ఆ డబ్బా తీసుకెళ్ళి శ్రీదుర్గ బల్ల మీద పెట్టేసి వచ్చా. రాజ్యలక్ష్మి గారు చెప్పినట్టు తిన్నా. కప్పు అన్నం, నూనె తక్కువేసిన చేప ముక్క, ఆకుకూర, మజ్జిగ. సాయంత్రం పూట బ్యారేజీ మీద నడక. నిదానంగా తగ్గింది. డాక్టరు మొదట్లోనే చెప్పింది ఇదే, వింటేగా నేను.

ఆదివారం కాటా ఎక్కడం మానలేదు. బరువు ఆయనే చెప్పాడు. కాకపోతే నేను మెడ తిప్పి అంకెలు చూశా. మార్కెట్ అంతా చూస్తుండగానే చూశా. ఆయన మొహం ఇంతైపోయింది. నాకు జాలేసింది, నిజం చెప్పొద్దూ. అయినా పై ఆదివారం కూడా చూశా. చేపల బరువులో ఆయన మాట ఈరోజుకీ మాటే. నా విషయంలో మాత్రం నేను నమ్మను.

వానలు మొదలయ్యేసరికి ఆసుపత్రి మిషన్ కూడా డెబ్బై ఆరు చూపించింది. యూరియా సర్దుకుంది. ఇక కమిటీ ఒక్కటే మిగిలింది. కిడ్నీ ఇచ్చేవాళ్ళని ముగ్గురు డాక్టర్లు కూర్చోబెట్టి అడుగుతారు, వీడియో తీస్తారు. ఎవరైనా భయపెట్టో ఆశపెట్టో ఇప్పిస్తున్నారేమోనని. మా ఇద్దర్నీ పక్కపక్కనే కుర్చీల్లో కూర్చోబెట్టారు. ఆయన పొద్దుట్నుంచీ ముభావంగానే ఉన్నాడు.

"మీ ఇష్టంతోనే ఇస్తున్నారామ్మా? ఎవరి బలవంతమైనా ఉందా?" అని అడిగారు.

"ఉందండి" అన్నా.

ముగ్గురూ ఒక్కసారే తలెత్తారు.

"బలవంతం నాది. ఇస్తానంటున్నది నేను, వద్దని మొండికేసింది ఈయన. నేను ఇవ్వకుండా ఉండాలని నా బరువు కూడా తప్పు చెప్పాడు. మీరు అడగాల్సింది నన్ను కాదు, ఈయన్ని అడగండి."

మధ్యలో కూర్చున్న పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఏమండీ పోలరాజు గారూ, మీ భార్య కిడ్నీ తీసుకోవడం మీకు ఇష్టమేనా?"

మా ఆయన మళ్ళీ కాలి బొటనవేలు కదపడం మొదలెట్టాడు. ఆయన వద్దంటే అంతే సంగతులు, నేను ఎంత మాడినా, ఎంత నడిచినా ఒకటే.

"ఒక మాట అడగొచ్చా అండి?" అన్నాడు చివరికి.

"అడగండి."

"ఇచ్చాక ఈవిడ అన్నం తినొచ్చా?"

"ఎందుకు తినకూడదు? అందరిలాగే తినొచ్చు. మళ్ళీ మరీ లావెక్కకుండా చూసుకుంటే చాలు."

"కడుపునిండా తినొచ్చా అండి?"

"తినొచ్చు."

మా ఆయన నా వైపు చూడలేదు. వాళ్ళ వైపే చూస్తూ "అయితే తీసుకుంటానండి" అన్నాడు. కాటా దగ్గర చెప్పినట్టే చెప్పాడు, గట్టిగా, అందరికీ వినపడేట్టు.

నేను అప్పుడు ఏడ్చా. వెక్కి వెక్కి ఏడ్చా. పెద్దాయన పాపం, కెమెరా అబ్బాయిని ఆపమని సైగ చేశాడు.

"ఆపొద్దండి" అన్నా కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. "ఆయన ఆ మాట అన్నది అందులో పడిందో లేదో ముందు చూడండి."